తోడు ఎవరింట్లో ఉంది

శిక్షణ కేంద్రం వాళ్లు నన్ను నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. పోతపని నేర్చుకుంటున్న పిల్లలకి ఉత్సాహం కలగాలి, మన వారసత్వం గొప్పదనం తెలియాలి, అంతకుమించి ఏమీ అక్కర్లేదన్నారు. సరేనని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఉత్సాహం కలిగించే మాట ఒక్కటీ రాలేదు. కనక జరిగింది జరిగినట్టు రాస్తాను. నచ్చితే గోడకి అంటించుకుంటారు, లేదంటే బీరువాలో పడేస్తారు.

నా పేరు సోమాచారి. అనకాపల్లి దాటాక శారదా నది ఒడ్డున మూసలపాలెం అని చిన్న పేట ఉంది. మూస అంటే లోహం కరిగించే మట్టి పాత్ర. పేటలో ఇళ్లన్నీ కంచు పోతపోసే వాళ్లవే. గంటలు, భజన తాళాలు, కంచాలు, మరచెంబులు పోసేవాళ్లం. మీసాలు మొలవకముందు మొదలుపెట్టి, కళ్లు మసకబారేదాకా నేను చేసిన పని అదే. ఇప్పుడు అనకాపల్లిలో రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ, మా ఆవిడ సత్యవతీ ఉంటున్నాం.

మీరేం అడుగుతారో నాకు తెలుసు. ఈ పని చేసి బతకొచ్చా అని అడుగుతారు. బతకలేరు. ఈ ముక్క ముందే చెప్పేస్తే తక్కినది నిమ్మళంగా చదువుకుంటారని చెబుతున్నాను.

మాట్లాడొద్దు

నాకు పని నేర్పింది మా మేనమామ అప్పలాచారి. పేటకంతటికీ ఒకటే పెద్ద కొలిమి. దానికి ఆయనే పెద్ద. పనిమంతుడే గానీ మంచి మనిషని మాత్రం చెప్పలేను. నోరు తెరిస్తే తిట్టు, చెయ్యెత్తితే దెబ్బ. పోత పోసేటప్పుడు ఆయన ముందు ఎవరూ మాట్లాడకూడదు. దగ్గినా ఉరిమి చూసేవాడు.

చిన్నప్పుడు నేను ఇదేదో దేవుడి భయం అనుకున్నాను. పెద్దయ్యాక సంగతి బోధపడింది. అచ్చులో ఎక్కడైనా తడి మిగిలితే కరిగిన కంచు లోపలికి దిగుతున్నప్పుడు గుడగుడమని చప్పుడు వస్తుంది. అది వినబడగానే మూస వెనక్కి తీసి పక్కకి తప్పుకోవాలి. క్షణం ఆలస్యమైతే అచ్చు పేలుతుంది. ఆ చప్పుడు వినడానికే ఆ నిశ్శబ్దం. ఆయన ఈ మాట ఒక్కసారైనా చెప్పి ఉంటే సగం భయం పోయేది. ఆ కాలం పెద్దలు కారణం చెప్పడం పరువు తక్కువ అనుకునేవారు. నా తర్వాత మీకు నేర్పే వాళ్లు అలా ఉంటే మొహమాటపడకుండా అడగండి.

ఒక వానాకాలం తాళాల జతలు పోస్తున్నాం. పాయకరావుపేట షావుకారు మనిషిని పంపాడు, సరుకు తొందరగా కావాలని. అచ్చులు పైకి ఆరినట్టు కనిపించాయి గానీ లోపల ఆరలేదు. ఇంకో రోజు ఎండనివ్వమని ఆడవాళ్లు చెప్పారు. మావ వినలేదు. పోస్తున్నది ఆయన కొడుకు నూకరాజు, నాకు బావ అవుతాడు. చప్పుడు వచ్చింది, అందరం విన్నాం, బావ వెనక్కి తగ్గేలోగానే అచ్చు పేలింది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చర్మం ఊడిపోయింది. మావ కొడుకుని ఆస్పత్రికి మోసుకెళ్లాడు, పక్కనే కూర్చుని అన్నం కలిపి పెట్టాడు, కానీ తొందరపెట్టింది తనేనన్న మాట ఎన్నడూ ఒప్పుకోలేదు. అందుకే అంటాను, మా మావకి నిప్పంటే భయం లేదు, కొనేవాళ్లంటే భయం. ఆ భయమే మమ్మల్ని చాలాసార్లు కాల్చింది.

బావ చెయ్యి నయమైంది. మనసు మాత్రం పని మీద నుంచి లేచిపోయింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొలిమి దగ్గర నిలబడ్డాడు, కానీ ఎప్పుడు చూసినా వెళ్లిపోదామని లేచిన మనిషిలా కనబడేవాడు.

ఇంకో మాట. మట్టి తొక్కడం, ఊక కలపడం, మైనం వత్తి రూపు తీర్చడం, అచ్చు ఆరబెట్టడం, ఇవన్నీ ఆడవాళ్లు చేసేవారు. మూస ఎత్తి పోసే పట్టకారు మాత్రం వాళ్ల చేతికి ఇచ్చేవాళ్లం కాదు. ఆచారం అన్నారు. అది పనికిమాలిన ఆచారం. మా సత్యవతి మైనంతో తీర్చిన అంచు నేను ఎన్నేళ్లు చేసినా తీర్చలేకపోయాను. మగవాళ్లు ఒక్కొక్కరే ఫ్యాక్టరీల్లో కూలికి పోయినప్పుడు ఆడవాళ్లకి పోత వచ్చి ఉంటే కొలిమి ఇంకొన్నాళ్లు నిలబడేది. అప్పటికి ఆ బుద్ధి ఎవరికీ పుట్టలేదు.

తోడు అంటే

పాలు తోడుపెట్టడానికి నిన్నటి పెరుగు ఒక చెంచా మిగుల్చుతారు కదా. మేం కంచుకీ అలాగే చేసేవాళ్లం. పోత అయ్యాక అచ్చు నోటి దగ్గర ఒక ముద్ద మిగులుతుంది. దాన్లోంచి నిమ్మకాయంత ముక్క కొట్టి పక్కన పెడతాం. తర్వాతి పోతలో రాగి కరిగి, తగరం కలిశాక, చివర ఆ ముక్క మూసలో వేస్తాం. దాన్ని తోడు అంటాం. మళ్లీ ఆ పోతలోంచి ఒక ముక్క. అలా ఎప్పట్నుంచి వస్తోందో మా మావకి కూడా తెలీదు. మొట్టమొదటి పోతలోని కంచు ఏ కొంచెమో ఇప్పటి గంటలోనూ ఉందని మా వాళ్ల నమ్మకం.

అసలు కిటుకు ఆ ముక్కలో లేదు. అది ఎవరింట్లో ఉందన్న దాంట్లో ఉంది. కొలిమి అందరిదీ కనక వంతుల ప్రకారం ముట్టించేవాళ్లం. ఒక పోత కాగానే తోడుని పసుపు గుడ్డలో చుట్టి, తర్వాత వంతు ఎవరిదో వాళ్లింటికి పంపేవారు. వంటింట్లో ఆవకాయ జాడీ పక్కన పెట్టేవారు, రోజూ కంటబడాలని. తోడు ఇంట్లో ఉన్నంతకాలం ఆ ఇంట్లో కొత్తదేదీ మొదలుపెట్టకూడదు. గోడకి సున్నం వెయ్యకూడదు. సంబంధం మాట్లాడ్డానికి వెళ్లకూడదు. కొత్త బట్ట మడత విప్పకూడదు. కొలిమి ముట్టించి, ఆ తోడు కరిగించి, కొత్త తోడుని ఇంకొకరింటికి సాగనంపాకే ఏదైనా.

అంచేత బద్ధకించడం కుదిరేది కాదు. పండగ దగ్గరపడేకొద్దీ ఆ ఇంటి ఆడవాళ్లు ఊరుకునేవారు కాదు. ఆర్డరు ఉన్నా లేకపోయినా కనీసం నాలుగు గిన్నెలైనా పోసి తీరాల్సిందే. మా పేట అన్నేళ్లు నిలబడింది నైపుణ్యం వల్ల అనుకుంటారు చూడ్డానికి వచ్చినవాళ్లు. నైపుణ్యం ఉన్న పేటలు చాలానే చల్లారిపోయాయి. మేం నిలబడింది ఆవకాయ జాడీ పక్కనున్న ఆ ముక్క వల్ల.

రాంబిల్లి గంట

రెండువేల సంవత్సరం దాటేసరికి స్టీలూ ప్లాస్టిక్కూ కలిసి మా పనిని సగానికి పైగా మింగేశాయి. అలాంటి రోజుల్లో రాంబిల్లి వైపు ఒక బెస్త ఊరి నుంచి చర్చి గంట కావాలని పాస్టరుగారు వచ్చారు. చర్చికి వెళ్లేవాళ్లంతా ఆయన్ని అయ్యగారూ అనేవారు, మేమూ అలాగే పిలిచాం. రాగికి సరిపడా డబ్బు పోగవలేదని ఆయన దాచకుండా చెప్పాడు. ఆడవాళ్లు ఇళ్లలో ఉన్న పాత కంచు తెస్తారు, అది కలుపుతారా అని అడిగాడు. సరేనన్నాం. నా పనిలో అంత ఇష్టంగా చేసింది ఇంకోటి లేదు.

ఆ ఊరి ఆడవాళ్లు వ్యాను వేసుకుని వచ్చారు. చీలిన కంచాలు, మూత పోయిన మరచెంబులు, అడుగు అరిగిన గిన్నెలు తెచ్చారు. ఒక ముసలమ్మ మాత్రం మంచి కంచమే తెచ్చింది. అది వాళ్లమ్మదట. ఇచ్చేముందు కొంగుతో తుడిచి ఇచ్చింది.

పోత బాగా కుదిరింది. అంత పెద్ద గంట, అచ్చుని పాతిన గోతిలోనే నెమ్మదిగా చల్లారాలి. కంచు ఇత్తడిలాంటిది కాదు, తొందరగా చల్లబడితే చీలిపోతుంది. ఇంకో రోజు ఆగాల్సి ఉండగా ఊరివాళ్లు బాజాలతో, పూలదండలతో లారీ వేసుకుని దిగిపోయారు. క్రిస్మస్ దగ్గరికొచ్చింది. అంతమందికి రేపు రండని చెప్పలేక మావ గొయ్యి తవ్వించాడు. మళ్లీ అదే జబ్బు, కొనేవాళ్లంటే భయం. చలిగాలి తగిలిన గంటని చేత్తో కొట్టి చూశాడు. పగిలిన కుండ చప్పుడు వచ్చింది. బాజాలు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఆయన చేసిన పని వల్లే ఆయన్ని నేను క్షమించగలిగాను. చీలికని మూసేసి, మెరుగుపెట్టి పంపే ఉపాయాలు మాకు తెలుసు, ఆ మోతతో ఒక ఏడాది గడిచిపోయేది కూడా. ఆయన సుత్తి తెప్పించి, వాళ్లందరి ముందూ గంటని ముక్కలు చేశాడు. తప్పు తనదేనని అన్నాడు. కొడుకు చెయ్యి కాలినప్పుడు రాని మాట అప్పుడు వచ్చింది. బావ అక్కడే ఉన్నాడు, విన్నాడు, ఏటివైపు వెళ్లిపోయాడు.

ముసలమ్మ ముందుకు వచ్చి ముక్కల మధ్య గొంతుక్కూర్చుంది.

“మాయమ్మ కంచం ఏ ముక్కలో ఉంది నాయినా?” అని అడిగింది.

“అన్నిట్లోనూ ఉందమ్మా” అన్నాడు మావ. “మల్లీ పోత్తాను. అప్పుడూ అన్నిట్లోనూ ఉంతాది.”

మళ్లీ పోశాం. పండగ వెళ్లిపోయాక, అందరూ చల్లబడ్డాక, గోతిలోనే పూర్తిగా చల్లారనిచ్చి తీశాం. దాని మోత సముద్రం మీద వలలు వేసుకునే వాళ్లకి వినబడిందని అయ్యగారు కబురు పంపాడు. ఆ పోత తోడు బావ ఇంటికి వెళ్లింది. బావ తర్వాత వంతు నాది.

ఇది ఇక్కడితో ఆపేస్తే మీకు ఉత్సాహంగానే ఉంటుంది. కానీ మొన్నామధ్య ఆ ఊరు వెళ్లాను. గంట వేలాడుతూనే ఉంది. తాడు చీకిపోయింది. చర్చి పైన మైకు పెట్టారు, ప్రార్థన వేళకి రికార్డు చేసిన గంట మోత వినిపిస్తుంది. మా గంటకంటే చక్కగా మోగుతోంది, ఎప్పుడూ పగలదు. ముసలమ్మ పోయిందని చెప్పారు.

పాతదేమైనా చూపించండి

రాంబిల్లి గంట పోశాక బావ వంతు ముందుకి కదల్లేదు. ఆర్డర్లు లేవు. ఊరికే నాలుగు గిన్నెలు పోసినా కొనేవాడు లేడు. పాయకరావుపేట షావుకారు మా సరుకు కొనడం మానేసి పాత కంచు తూకానికి కొనడం మొదలెట్టాడు. సబ్బవరం వైపు భూముల ధరలు లేచాయి, మా పేట కుర్రాళ్లు అక్కడ కట్టే ఇళ్లకి కూలీలుగా వెళ్లారు. బావ అనకాపల్లి బజారులో స్టీలు సామాన్ల కొట్టు పెట్టాలనుకున్నాడు. గది కూడా చూసుకున్నాడు. కానీ తోడు ఇంట్లో ఉంది. కొత్తది మొదలుపెట్టకూడదు. ఆచారం తప్పే ధైర్యం లేదు, కొలిమి ముట్టించే మనసు లేదు. ఏడాదికి పైగా ఆ మనిషి అలా నలిగిపోయాడు.

అప్పుడొక మేడంగారు వచ్చారు. ఏ సర్కారు ఆఫీసో చెప్పను. చిన్న వయసు, మాట మర్యాద, మా పేట మీద నిజమైన ఇష్టం. ఆమెని తప్పుపట్టను. పట్నంలో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారట, శాశ్వతంగా ఉండేది. మూసలపాలెం పేరు మీద ఒక అద్దాల పెట్టె ఇచ్చారు. దాంట్లో పెట్టడానికి మీ తాతముత్తాతలు చేసిన పాత వస్తువు ఏదైనా ఇమ్మని అడిగారు.

ఇంటింటికీ తిరిగారు, ఒక్కటీ దొరకలేదు. ఉండదు మరి. కంచు పోసేవాళ్ల ఇంట్లో పాతది ఎందుకుంటుంది? పాతదనేది కనబడితే అది తర్వాతి పోతకి ముడిసరుకు. మా తాత చేసిన గంటని మా నాన్న కరిగించాడు, మా నాన్న చేసిన చెంబుని నేను కరిగించాను. మా పనిలో అది మర్యాద. మేడంగారికి అది అర్థం కాలేదు. అంత పేరున్న పేటలో ఒక్క పాత వస్తువైనా లేదా అని ఆమె బాధపడుతుంటే మావాళ్లకి సిగ్గేసిందట. పెట్టె ఖాళీగా ఉండిపోతే పేట పరువు పోతుందని అనుకున్నారు. నేను ఆ పూట పేటలో లేను, దేవరాపల్లిలో గుడిగంటకి నాలుక బిగించడానికి వెళ్లాను.

బావ లోపలికి వెళ్లి పసుపు గుడ్డ మూట తెచ్చి ఇచ్చాడు. మా దగ్గరున్న వాటిలో పాతది ఇదొక్కటే అని చెప్పాడు. అబద్ధమేమీ కాదు. మేడంగారు రెండు చేతులా పట్టుకుని కళ్లకి అద్దుకున్నారట. అందరూ చప్పట్లు కొట్టారట.

సాయంత్రం నేను వచ్చేసరికి కారు వెళ్లిపోయింది. సంగతి విన్నాను. తిన్నగా బావ దగ్గరికి వెళ్లాను. కొట్టు కోసం కొన్న తక్కెడ తుడుచుకుంటున్నాడు.

“తోడు ఇచ్చీసేవేటి బావా? తరవాత వొంతు నాది కదా?”

“నీ వొంతొత్తే ఏటి పోత్తావురా సోమా? ఎవుడికి పోత్తావు?” అన్నాడు తలెత్తకుండా. “నేను పారీలేదు. అమ్మీలేదు. గౌరంగానే పంపించేను. ఇంక నన్నొగ్గీ.”

కాలిన చెయ్యి మీద మచ్చ కనబడుతోంది. ఆచారం తప్పకుండా ఆచారాన్ని వదిలించుకునే దారి వెతుక్కున్నాడు మనిషి. అలాంటి తప్పు చెయ్యడానికి కంచుపని వాడై పుట్టాలి. ఇంకొకడైతే ఆ ముక్కని పెరట్లో పడేసి ఎప్పుడో కొట్టు తెరిచేవాడు.

సర్కారు వంతు

అప్పటికి మావకి చూపు పూర్తిగా పోయింది. ఏళ్లకేళ్లు మంటలోకి చూసిన కళ్లు అంతకంటే ఆగవు. మంచం మీద కూర్చుని, ఎవరి అడుగు చప్పుడు వినబడినా ఒకటే అడిగేవాడు.

“తోడు ఎవలింట్లో ఉందిరా?”

కొన్నాళ్లు బావ ఇంట్లోనే ఉందని చెప్పాం. ముసలాయన్ని ఎన్నాళ్లు మభ్యపెడతాం? ఒకరోజు నేనే ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. నిజానికి ఆ తిట్టు కోసమే చెప్పానేమో. ఆయన తిట్టలేదు.

“సర్కారోల ఇంట్లో ఉందంతే ఆల్ల వొంతు” అన్నాడు. “ఆల్లు ముట్టిత్తార్లే. తోడు ఇంట్లో ఎట్టుకుని ఎవులైనా ఎన్నాల్లుంతారు?”

వెక్కిరింతగా అన్నాడేమోనని మొహంలోకి చూశాను. కాదు. నమ్మాడు. ఆ రోజు నుంచి సర్కారు వాళ్లు కొలిమి ముట్టించారా లేదా అని అడిగేవాడు. నేను పట్నం వెళ్లి మేడంగారిని కలిశాను. ఆ ముక్క కరిగిస్తేనే బతుకుతుందని, అద్దంలో పెడితే చచ్చిపోతుందని నాకొచ్చిన మాటల్లో చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నారు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు. ప్రదర్శనలో చేరిన వస్తువుని కరిగించడానికి ఇవ్వడం తన చేతుల్లో లేదన్నారు. మా పేట గురించి రాసిన పలకలో ఈ నమ్మకాన్ని కూడా చేరుస్తానన్నారు. చేర్చారు. ఇప్పుడక్కడ చక్కగా రాసుంది.

మావ అడుగుతూ అడుగుతూనే పోయాడు.

కొలిమి ఆపేద్దామని మా పేటలో ఎవరూ అనలేదు. ఒక సమావేశం లేదు, ఒక తగువు లేదు. తోడు ఎవరింటికీ రాలేదు కనక ఎవరి వంతూ రాలేదు. ఎవరికి వాళ్లు ఇంటికి సున్నాలు వేసుకున్నారు, సంబంధాలు కుదుర్చుకున్నారు, కొత్త బట్టలు కట్టుకున్నారు. అడ్డు చెప్పే ముక్క వంటింట్లో లేదు. బావ కొట్టు తెరిచాడు. వానలకి కొలిమి గోడ కూలింది. తర్వాత ఆ మట్టి ఎవరో చెరుకు తోట గట్టుకి తోలుకుపోయారు. చూస్తూ ఊరుకున్నాం.

మీ మొదటి పోత

మావ మాట ఒక రకంగా నిజమైంది. ఆయన పోయిన కొన్నేళ్లకి ఈ శిక్షణ కేంద్రం పెట్టారు. గ్యాసు పొయ్యి, కరెంటు బ్లోయరు, కొనుక్కొచ్చిన కంచు దిమ్మలు. నేర్పడానికి నన్ను పిలిచారు, వెళ్లాను. ఏం నేర్పానో మీకు తెలుసు కనక ఇక్కడ రాయను. మీలో ఒకరిద్దరి చెయ్యి బావుంది. పట్టకారు ఆడపిల్లలకి కూడా ఇచ్చాను, ఈ ఒక్క పని నా జీవితంలో సరిగ్గా చేశాననుకుంటున్నాను. ఎక్కువమంది స్టైపెండు కోసం వచ్చారని, మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిన రోజున వెళ్లిపోతారని కూడా తెలుసు. తప్పనను. మీ ఈడులో ఉంటే నేనూ వెళ్లేవాణ్ణి.

మీ మొదటి పోత రోజున నేనెందుకు మాట్లాడకుండా నిలబడిపోయానో మీకు చెప్పలేదు. మీ గంట బాగా మోగింది. తోడు లేకుండానే మోగింది. కంచుకి తోడు అక్కర్లేదని అప్పుడే నా చెవులతో విన్నాను. లోపల ఏ మూలో అది మోగకూడదని కోరుకున్నాను కూడా. మోగింది. అన్నేళ్ల మా నమ్మకం ఒక్క దెబ్బకి పోయింది. అది అక్కరపడింది కంచుకి కాదు, మాకే.

అయినా అలవాటు ఊరుకోదు. అచ్చు నోటి దగ్గరి ముద్దలోంచి నిమ్మకాయంత ముక్క కొట్టి, జేబురుమాలులో చుట్టి మీ ముందు పట్టుకున్నాను. ఎవరు పట్టుకెళ్తారని అడిగాను. జ్ఞాపకార్థం ఇస్తున్నాననుకున్నారు. ఒకరు సెల్లులో ఫొటో తీశారు. వెనక వరసలో ఉన్న అమ్మాయి మాత్రం ఒక ప్రశ్న వేసింది.

“పట్టుకెల్తే ఏటి సెయ్యాలండీ?”

“నీ వంతు వచ్చినట్టమ్మా. మళ్లీ కొలిమి ముట్టించాలి.”

“ఎక్కడండీ?” అంది.

ఎగతాళిగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. వాళ్లింటి దగ్గర కొలిమి లేదు. మా పేటలో లేదు. కేంద్రం పొయ్యికి తాళం ఉంటుంది, ఆ తాళం ఆఫీసులో ఉంటుంది. చెయ్యి చాపి ఉంచాను, కాసేపటికి వెనక్కి తీసుకున్నాను. ఆ పిల్ల దండం పెట్టి బస్సుకి టైమవుతోందని వెళ్లింది. అంత మంచి ప్రశ్న ఈ పనిలో నన్నెవరూ అడగలేదు. జవాబు ఎవరికైనా తెలిస్తే ఆ పిల్లకి చెప్పండి.

ముక్కని ఇంటికి తెచ్చుకున్నాను. పారెయ్యబుద్ధి కాలేదు. ఎక్కడ పెట్టాలో తోచక బల్ల మీద పెట్టాను. సత్యవతి చూసింది. పాత చీర అంచు చింపి, పసుపులో ముంచి, చుట్టి తీసుకెళ్లి ఆవకాయ జాడీ పక్కన పెట్టింది.

ఇప్పుడు నాకు మధ్యాహ్నం వెలుతురులో కూడా మనిషి మొహం తేటగా కనబడదు. మూస ఎత్తే సత్తువ లేదు. ఎత్తినా దాన్ని దింపడానికి కొలిమి లేదు. ఇదంతా ఆవిడకీ తెలుసు. ఉగాదికి ముందొచ్చే కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరకి కట్టుకోమని మా కోడలు చీర తెచ్చిచ్చింది. ముదురాకుపచ్చ, సత్యవతికి ఇష్టమైన రంగు. జాతరకి బయల్దేరబోతూ చూస్తే పాత చీరలోనే ఉంది. కొత్తది కట్టుకోలేదేమని అడిగాను.

“మన వొంతు కదా” అంది.

చీర మడత విప్పకుండానే పెట్టెలో పెట్టేసింది. అది ఇంకా అక్కడే ఉంది.